పాలివాడి చేని చుట్టూ తీగ

మా పల్లి చేనుకూ మా పాలివాడి పల్లి చేనుకూ నడుమ ఒక గట్టు ఉంది. రోజూ తెల్లవారుజామున నా భార్య ఆ గట్టు మీదుగానే నడిచి, చేని చివర కొట్టంలో కట్టేసిన రెండు బర్రెల పాలు పిండుకొచ్చేది. గట్టుకు జానెడు దూరంలో, మోకాలి ఎత్తున, అడవి పందుల కోసం ఆయన కట్టిన తీగ ఉండేది. గట్టు ఇరుకు. కాలు జారితే చేయి ఆ తీగ మీదే పడుతుంది.

పాలివాడంటే మా పెద్దతాత మనవడు, వరుసకు నాకు అన్న. ఆయన ట్రాక్టరుతో దున్నించిన ప్రతిసారీ గట్టు ఆయన వైపు కొంచెం సన్నబడుతుందని నా అనుమానం. అడిగితే వాన కోసిందంటాడు. వాన ఒక్క వైపే ఎట్లా కోస్తుందో నాకు ఇప్పటికీ తెలియదు.

తెలంగాణ వచ్చిన రెండు మూడేళ్లకు మా దిక్కు ఝట్కా మిషన్లు వచ్చాయి. ఊళ్లో మొదట కొన్నది ఆయనే. ఒక డబ్బా, ఒక బ్యాటరీ, పైన సోలార్ పలక. డబ్బా సెకనుకొకసారి టిక్కుమంటుంది, ఆ టిక్కుతో తీగలోకి ఒక దెబ్బ పోతుంది. పంది ముట్టుకుంటే ఎగిరి దూకుతుంది కానీ చావదు. ఎందుకు చావదని నాకు అనుమానం వచ్చింది.

నేను బడిలో చదివింది పదో తరగతి దాకానే. మిగతాదంతా కొల్లాపూర్ గ్రంథాలయంలో, సంతకు పోయిన రోజుల్లో చదువుకున్నాను. అట్ట ఊడిపోయిన ఒక ఎలక్ట్రానిక్స్ పుస్తకం దొరికితే నాలుగు వారాలు అదే పట్టుకుని కూర్చుని, బొమ్మలన్నీ నోటుబుక్కులో దించుకున్నాను. అప్పుడు అర్థమైంది. ఇనుము చుట్టూ చుట్టిన రాగి తీగ చుట్లు బ్యాటరీలోని కొద్దిపాటి వోల్టేజీని పెంచుతాయి. పెరిగిన కరెంటు కెపాసిటర్‌లో చేరుతుంది. కెపాసిటర్ అంటే రెండు లోహపు రేకులు, వాటి నడుమ కరెంటును పారనివ్వని ఒక పొర, అంతే. సన్నని ధార కింద బిందె పెట్టి, నిండగానే ఒక్కసారిగా కుమ్మరించినట్టు, అది నిండినప్పుడల్లా తీగలోకి ఖాళీ అవుతుంది. ఆ దెబ్బ రెప్పపాటు కూడా ఉండదు కనుక చేయి వెనక్కి వస్తుంది. మోటారు లైనుకు కొండీ, అంటే వంచిన వైరు కొక్కెం, తగిలించి తీగకు నేరుగా కరెంటు ఇస్తే అట్లా కాదు. పట్టిన పిడికిలి విడవదు. అట్లా చనిపోయినవాళ్ల గురించి ఏటా పేపర్లో చదువుతూనే ఉన్నాం.

టెస్టర్ ఆనిస్తే రెంటికీ తేడా తెలుస్తుంది. మిషన్ నడిచేటప్పుడు టెస్టర్‌లోని చిన్న ఎర్ర దీపం టిక్కుటిక్కుకూ మిణుకుమంటుంది. కొండీ కరెంటైతే ఆగకుండా వెలుగుతుంది. ఇదంతా నా భార్యకు చెబితే ఆమెకు కావలసింది మాత్రమే తీసుకుంది. టిక్కు వినబడితే జాగ్రత్తగా పోవాలి, వినబడకపోతే ఆగిపోవాలి.

పల్లికి ఊడలు దిగే రోజుల్లో ఒక ఉదయం ఆమె ఖాళీ క్యానుతో తిరిగొచ్చింది. టిక్కు వినబడలేదట. టెస్టర్ తీసుకుని పోయాను. అప్పటికి వెలుతురు వచ్చింది. దీపం కనబడేలా వెలుతురుకు అరచేయి అడ్డం పెట్టి, టెస్టర్‌ను తీగకు ఆనించాను. దీపం మిణుకుమనలేదు. నిలకడగా వెలిగింది.

ఆమె టిక్కు కోసం చెవిపెట్టకుండా పోయి ఉంటే? ముందు లైన్‌మన్‌కు ఫోన్ చేశాను, రేపు సాక్ష్యం కావాలి కదా అని. తర్వాత పాలివాడిని పిలిచాను. పక్క చేన్ల వాళ్లు ఇద్దరు ముగ్గురు కూడా వచ్చారు.

"కొండీ ఎప్పుడు తగిలించినవే అన్నా?"

"మిషన్ ఖరాబైతే నిన్న రిపేరుకిచ్చిన. గిది ఉత్త తీగె."

"ఉత్త తీగెకు దీపమెట్ల వెలుగుతాంది?"

ఆయన చెప్పులు విడిచి, తడి మట్టిలో నిలబడి, తీగను పిడికిలితో పట్టుకున్నాడు. ఆయనకేమీ కాలేదు.

"సూడు తమ్మీ. సచ్చిన్నా?"

టెస్టర్ పెట్టాను. దీపం లేదు. ఆయన చేయి తీయగానే వెలిగింది. మళ్లీ పట్టుకున్నాడు, ఆరిపోయింది. ఆయన కొట్టంలో ఎవరో కూర్చుని స్విచ్చి వేస్తూ తీస్తూ ఉన్నారని తేల్చుకున్నాను. గబగబా పోయి చూస్తే వదిన ఒక్కతే చాటలో జొన్నలు చెరుగుతూ ఉంది.

"ఏం దేవులాడుతున్నవ్ మరిదీ, స్విచ్చా? గీ చాటల ఉన్నదేమో సూస్కో."

అప్పుడు లైన్‌మన్ వచ్చాడు. టెస్టర్ చూశాడు, తీగ వైపు చూడలేదు, పైకి చూశాడు. సబ్‌స్టేషన్‌కు పోయే పెద్ద లైను ఆ గట్టు పొడవునా మా నెత్తి మీదే ఉంది.

"మీద లైను, కింద తీగె, నడుమ గాలి," అన్నాడు. "తీగె ప్లాస్టిక్ గుబ్బల మీదున్నది, భూమికి తగల్తలేదు. ఊకెనే జరంత కరెంటు ఎక్కి కూసుంటది. మనిషి పట్టుకుంటే భూమిలకు దిగిపోతది. దీంతోని మనిషికేం కాదు."

"నీ పుస్తకంల గిది లేదా తమ్మీ?" అన్నాడు పాలివాడు. అందరూ నవ్వారు.

ఉంది. అదే నన్ను ఎక్కువ బాధించింది. రెండు లోహాలు, నడుమ పారనివ్వని పొర. నా చేత్తో నేనే గీసుకున్న బొమ్మ అది. కెపాసిటర్ అంటే రెండు కాళ్లున్న చిన్న గోళీ అనుకున్నాను తప్ప, నా చేని మీద ఇంత పొడవున పరుచుకుని ఉంటుందని ఊహించలేదు. అన్నకు తప్పయిందని చెప్పాను. ఆయన చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

మిషన్ తిరిగి రావడానికి పది రోజులు పట్టింది. ఆ పది రోజుల్లో పందులు మా చేను రెండు మూలలా తవ్విపోశాయి. ఆయన చేనులో ఒక్క మొక్క కూడా కదల్లేదు. పందులు బెదిరేలా రాత్రిళ్లు రేకు డబ్బా కొడుతూ కూర్చున్నానన్నాడు. నా భార్య ఆ చప్పుడు విన్నానంది. నేను వినలేదు. లైన్‌మన్ ఆ ఉదయపు సంగతి చెప్పాడు గానీ రాత్రుల సంగతి ఆయనకేం తెలుసు? కొండీ తగిలించిన గుర్తేమైనా ఉందేమోనని అన్న మోటారు స్టార్టర్ డబ్బా దగ్గరికి పోయి చూశాను. ఒకచోట వైరు తోలు ఒలిచి ఉంది, లోపలి రాగి మెరుస్తోంది. పాతదో కొత్తదో చెప్పలేను. నా భార్యను పిలిచి చూపించాను.

ఆమె వైరు వంక చూడనే లేదు.

"నీ అనుమానానికీ ఆయన తీగెకూ నడుమ నేను నడవ. బర్రెలను ఇంటికి తోలుకపోతున్న," అంది.

ఆ పొద్దే పలుపులు విప్పి, గట్టు మీదుగా కాకుండా చుట్టూ తిరిగి బండ్ల బాటన తోలుకొచ్చింది. మా వాకిలి చిన్నది. ఒక బర్రెను స్నానాల గది పక్కన, ఇంకొకదాన్ని మెట్ల కింద కట్టేసింది. దారిలో పాలివాడు ఎదురై, గట్టు వదిలి ఇటెందుకు పోతున్నావని అడిగాడట. నాకు చెప్పిన మాటే ఆయనకూ చెప్పానంది.

ఆయనేమన్నాడని అడిగాను. ఏమీ అనలేదట. ఎందుకు అనలేదో నేను ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాను.