క్యాసెట్‌లో పడని అక్క

ఆదివారం. పొద్దున్న నుంచి ముసురు. ఆరబెట్టిన కొబ్బరి పీచు డొక్కలన్నీ తడవకుండా సావిట్లోకి చేరవేశాను. కొట్టు లెక్కల పక్కన రోజూ ఇలా రెండు ముక్కలు రాసుకోవడం అలవాటు. ఇవాళ్టివి మాత్రం ఫోన్లో, మీరంతా చదివేలా ఇక్కడ రాస్తున్నాను...

మా చిన్నప్పుడు... మా వీధిలో ఎవరు మస్కట్ వెళ్తున్నా, వాళ్ల పెట్టెలో అందరి సామానూ ఉండేది. ఆవకాయ, మామిడితాండ్ర, ఇంట్లోవాళ్ల గొంతులు నింపిన క్యాసెట్లు...

మా నాన్న అక్కడ మేస్త్రీ. ఆ జీతంతోనే మా అక్క సత్యవతిని అమలాపురంలో ప్రైవేటు హైస్కూల్లో వేశారు. నేను ఊళ్లో బడికి వెళ్లేవాణ్ని, అదీ మధ్యలో ఆగిపోయింది. తర్వాత చదువుకున్నదంతా కొట్లో పొట్లాలు కట్టే పాత పేపర్లలోంచే.

అక్క నలుపు. నాన్న పోలిక. మా ఇంట్లో అదొక విషయమని ఎవరికీ తోచలేదు. ఆ స్కూల్లో చేరాకే తెలిసింది.

ఒక ఏడు యానివర్సరీ డాన్సులో అక్కని తీసుకున్నారు. వీడియో తీయిస్తారన్నారు. ఆ క్యాసెట్ నాన్నకి పంపాలని అమ్మ ఆశ. ఆయన వెళ్లేటప్పటికి అక్క గౌన్లు వేసుకునే పిల్ల... ఇప్పుడు ఓణీ వేస్తోంది. పంపుతున్నామని ముందే ఉత్తరం రాయించేసింది.

ఆ సాయంత్రం టీచరుగారు పిల్లలందరికీ పౌడరు అద్దారు. అక్కకి మాత్రం రెండు చేతులతో, మెడ వెనక దాకా పట్టించారు. తర్వాత దూరం జరిగి చూసి, "బూడిద గుమ్మడికాయలా ఉందండీ," అని పక్కావిడతో అన్నారు. అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. ఎవరేమన్నా ముందు తనే నవ్వేయడం ఆ స్కూల్లోనే నేర్చుకుంది.

స్టేజీ ఎక్కాక వీడియో తీసే ఆయన లైటు వేసి, కెమెరాలో చూశాడు.

"ఆ పాపకి లైటు చాలట్లేదండి. పెంచితే మిగతావాళ్లు వెలిసిపోతన్నారు."

"సత్యా, నువ్వు కొంచెం పక్కకి జరుగమ్మా," అన్నారు టీచరుగారు. "మిగతావాళ్లు వీడియోలో పడొద్దూ?"

అక్క జరిగింది. ఇంకొంచెం అన్నారు. ఇంకొంచెం జరిగింది. పాటంతా అక్కడే, లైటు అందని చోట ఆడింది. ఒక్క అడుగు కూడా తప్పలేదు. ముందు వరసలో కూర్చున్న అమ్మా నేనూ చూశాం.

క్యాసెట్ వచ్చాక వీడియో డెక్కు అద్దెకి తెచ్చి వీధంతా కూర్చున్నాం. ముందు వరసలో ఒక తెల్లటి పిల్ల మెరిసిపోతోంది. పాట అయిపోయింది. అక్క లేదు. ఒక్కచోట మాత్రం, తెర అంచులోంచి గాజుల చెయ్యి ఒకటి వచ్చి పోయింది.

"అది నాదే," అంది అక్క.

అమ్మ వెనక్కి తిప్పించి ఆ చెయ్యి మళ్లీ చూసింది. మర్నాడు క్యాసెట్‌ని గుడ్డలో చుట్టి, తాండ్రతో పాటు పంపేసింది.

కొన్నాళ్లకి నాన్న గదిలో ఉండే రాజోలు ఆయన సెలవుకి వచ్చి, నాన్న పంపిన సబ్బులు ఇవ్వడానికి మా ఇంటికి వచ్చారు.

"ఆయ్, క్యాసెట్ చూసేమండి! మీ అమ్మాయి భలే ఆడిందండి. ముందు వరసలో తెల్లగా, బొమ్మలాగ... మీ ఆయన వేలెట్టి మరీ చూపించేరు. గదిలో అందరం ఈలలేసేం. ఏదండి, ఓసారి పిలండి, చూస్తాను."

అక్క అప్పటికే మంచినీళ్ల గ్లాసుతో ఆయన ఎదురుగా నిలబడి ఉంది.

అమ్మ అక్క వైపు చూడలేదు. "ఊరెళ్లిందండి," అంది.

అక్క గ్లాసు ఆయన చేతికిచ్చి లోపలికి వెళ్లిపోయింది.

నాన్న గుర్తుపట్టలేక ఆ పిల్లని చూపించారో... మా అమ్మాయి ఇందులో లేదని అందరి ముందూ చెప్పలేక చూపించారో... మేం ఎవరం అడగలేదు. ఆయన తిరిగి వచ్చారు, కొన్నాళ్లు ఉన్నారు, పోయారు.

ఇప్పుడు అక్క కూతురు మౌనిక సినిమా తీస్తోంది. అదీ తల్లి రంగే, అదీ ప్రైవేటు హైస్కూలే. అలా చదివిన నల్లపిల్లల కథలు వాళ్ల నోటితోనే చెప్పిస్తోంది. కొత్తపేటలో ఒకమ్మాయి చెప్పిందట... నాటకంలో మాటలన్నీ ఆమెకే వచ్చినా, ప్రతి ఏడూ తెర లాగే పనే ఇచ్చారని.

వాళ్లమ్మ తన కథ చెప్పకపోతే ఈ సినిమాకి మొదలే లేదని మౌనిక పట్టు. "నా మొహం ఎవరు చూస్తారే," అని అక్క ఇన్నాళ్లూ తప్పించుకుంది. ఇవాళ ఎందుకో సరే అంది.

మధ్యాహ్నం సావిట్లో డొక్కల పక్కన కుర్చీ వేశాం. మౌనిక లైటు వేసింది. వెయ్యగానే అక్క కుర్చీతో సహా పక్కకి జరిగింది.

"అదేంటమ్మా, లైట్లోంచి పోతావ్?"

"మిగతావాళ్లు పడొద్దూ?"

"మిగతావాళ్లెవరమ్మా? నువ్వొక్కదానివేగా!"

అక్క చుట్టూ చూసింది. నేనూ చూశాను. డొక్కలు ఉన్నాయి.

అక్క లేచి కుర్చీ వెనక్కి లాక్కోబోయింది. "వద్దు, నువ్వు కదలకు," అంది మౌనిక. "మావయ్యా, లైటే ఇటు పట్రా."

తీసుకెళ్లాను. అక్క మొహం మీద పడింది. పౌడరు లేదు. కాసేపు కళ్లు చికిలించుకుని, తర్వాత తెరిచింది.

"నా పేరు సత్యవతండి. ఆ క్యాసెట్‌లో ముందు వరసలో ఉన్న పిల్ల నేను కాదండి..."

అప్పట్లో మొహం తెల్లగా చెయ్యడానికి టీచరుగారి రెండు చేతులూ కావలసి వచ్చేవి. ఇప్పుడు ఫోన్లో ఒక్క వేలు చాలు, ఎవరి మొహం వాళ్లే తెల్లగా చేసుకుంటున్నారు... మీ ఇంట్లో పాత స్కూలు క్యాసెట్లుంటే ఒకసారి వేసి చూడండి. అంచులో చెయ్యి ఏదైనా కనిపిస్తే, అదెవరిదో గుర్తుంటే, ఆ పేరు ఇక్కడ కింద కామెంట్లో రాయండి.

వాన తెరిపిచ్చింది. డొక్కలు మళ్లీ బయట...