ఇల్లు తుడిచి పెట్టినందుకు

నీళ్లు పడి సీలింగు కూలిన ఇంట్లో నష్టమేమీ కనిపించలేదని మా కంపెనీ తేల్చింది. ఆ ఇల్లాలు చేసిన నేరమల్లా ఇల్లు శుభ్రంగా తుడిచి పెట్టుకోవడం. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

నేను టెక్సస్‌లో ఇళ్ల ఇన్సూరెన్సుకు అడ్జస్టర్‌గా పనిచేశాను. నష్టం జరిగిన ఇంటికి వెళ్లి, చూసి, కొలిచి, ఫొటోలతో రిపోర్టు రాయడం అడ్జస్టర్ పని. క్లెయిమ్ ఇవ్వాలా వద్దా అని తేల్చేది ఆఫీసులో కుర్చీ దిగని ఎగ్జామినర్. ఈ విద్య నాకు ఏ కాలేజీలోనూ చెప్పలేదు. పాలసీలు సొంతంగా చదువుకుని, లైసెన్సు పరీక్ష రాసి వచ్చినవాణ్ణి. ఏ షరతు ఎక్కడుందో ఈనాటికీ మరిచిపోలేదు.

రిటైరవడానికి కొంతకాలం ముందు, ఒక చలికాలంలో, డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో కిరణ్, స్వప్న అనే దంపతుల ఇల్లు నాకు అప్పగించారు. ఇక్కడ చాలా ఇళ్లలో నీళ్ల హీటరు అటక మీద ఉంటుంది. అది పగిలి, కింద వాళ్ల పాప గదిలో సీలింగు ఊడిపడింది. నేను వెళ్లేసరికి కొత్త సీలింగు, కొత్త రంగు, కొత్త కార్పెట్, అగరొత్తుల వాసన, నా కోసం టీ.

"నష్టం ఎక్కడమ్మా?" అన్నాను.

"మీరొస్తున్నరని మొత్తం సాఫ్ చేయించినం అంకుల్. ఆఫీసర్ వస్తుంటే ఇల్లు గట్ల ఉంచుతమా?" అంది స్వప్న.

మాకు ముందే ఎందుకు ఫోన్ చేయలేదని కిరణ్‌ను అడిగాను.

"హోమ్ వారంటీ ఉందిగా అంకుల్. ఇల్లంతా కవర్ అని ఇల్లు కొనిపెట్టిన రియల్టర్ చెప్పాడు."

"నేను మొత్తుకున్న. ఇంటేగా ఈయన!" అంది ఆవిడ.

చాలామంది చేసే పొరపాటే. వారంటీ అంటే సర్వీసు కాంట్రాక్టు. వాడి వాడి అరిగిపోయిన యంత్రాన్ని బాగుచేస్తుంది, లేదా మారుస్తుంది. ఆ యంత్రం పాడుచేసిన గోడ సంగతి దానికి పట్టదు. ఇన్సూరెన్సు హఠాత్తుగా జరిగిన నష్టానికి గోడను బాగుచేయిస్తుంది. అరిగిన యంత్రం జోలికి పోదు. వారంటీవాళ్లు కొత్త హీటరు పెట్టి, పాతది పట్టుకుపోయి, సీలింగు మాది కాదన్నారు. అప్పుడుగానీ వీళ్లకు మేం గుర్తుకు రాలేదు.

గోడకు తేమ మీటరు ఆనించాను. లోపలంతా తడి. పాపకు ఉబ్బసం. నేనున్నంతసేపూ దగ్గుతూనే ఉంది. గోడ తెరిచి ఆరబెట్టకపోతే బూజు పడుతుంది, ఆ గాలే పాప పీలుస్తుంది. అదే రిపోర్టులో రాశాను.

నష్టం కనిపించడం లేదు, ఆ తడి ఎన్నాళ్లనుంచో కారుతున్న నీటిది కావచ్చు, అలాంటిది పాలసీ కిందికి రాదు అన్నాడు ఎగ్జామినర్. పాడైన వస్తువుల్ని మేం చూసేదాకా ఉంచాలన్న షరతు ఉన్నమాట నిజమే. నష్టం పెరగకుండా చూసుకోవడం ఇంటివాళ్ల బాధ్యత అని కూడా అదే పాలసీలో ఉంది. తడి కార్పెట్ తీసి పారేయడం ఆ బాధ్యత కాదా? ఆ పేజీ ఆయనకు కనిపించలేదు.

మళ్లీ వెళ్లాను. సీలింగు కూలిన రోజు ఒక్క ఫొటో అయినా తీయలేదా అని అడిగాను. స్వప్న టీ పెడతానంటూ లేచింది.

"వాళ్లక్కకి వీడియో పెట్టింది అంకుల్," అన్నాడు కిరణ్.

"నీ నోరు ఆగదు గదా! అండ్ల ఇల్లెంత గలీజుగుందో! పెద్దమనిషికి చూపిస్తరా?"

"అమ్మా, నా ఉద్యోగమే గలీజు చూడటం," అన్నాను.

చూపించింది. లైటు చుట్టూ నీళ్లు ధారగా పడుతున్నాయి. చూస్తుండగానే సీలింగు ఉబ్బి, విరిగి, మంచం మీద పడింది. అంతకుముందు అది తెల్లగా ఉంది. చాన్నాళ్లుగా కారిన చోట గోధుమరంగు మరక కడుతుంది. ఇక్కడ ఆ ఊసే లేదు.

ఎగ్జామినర్‌ను దాటి, వీడియోను నేరుగా క్లెయిమ్స్ మేనేజరుకు పంపాను. మా ఉద్యోగంలో అది పద్ధతి కాదు. తెలిసే చేశాను. ఆ తర్వాత మనవాళ్ల ఇంటికి ఎప్పుడు బయల్దేరినా, ముందు ఫోన్ చేసి, ఫొటోలు తీసేదాకా ఏదీ తుడవొద్దని తెలుగులో చెప్పడం అలవాటు చేసుకున్నాను.

మేనేజరు చాలా రోజులు పలకలేదు. మళ్లీ రాశాను, మళ్లీ మళ్లీ రాశాను. చివరికి వచ్చిన జవాబు ఇది:

"క్లెయిమ్ తిరిగి తెరిచాం. గోడ తెరిపించండి. సీలింగు, గోడ, కార్పెట్ మా బాధ్యత. పని పూర్తయ్యేదాకా ఆ కుటుంబం వేరేచోట ఉండే ఏర్పాటు కూడా మాదే. హీటరు మాది కాదు. ఇకపై ఏదైనా ఎగ్జామినర్ ద్వారానే పంపండి."