కుతుబుద్దీన్ భాయ్ ఏ ప్రతిలో చచ్చిపోయాడు?

గోదావరిఖనిలో బొగ్గు గనిని మేమంతా బాయి అనే అంటాం. మా బాయి మీది ఆఫీసులో కంప్యూటర్ గది ఒకటి ఉండేది. ఆ గదిలోకి పోవడం కంటే పెద్ద మేనేజరు బంగళాలోకి పోవడం సులువు. ఎందుకంటే వాకిట్లో స్టూలు వేసుకుని కుతుబుద్దీన్ భాయ్ కూర్చునేవాడు. చెప్పులు విప్పమనేవాడు, చేతులు కడుక్కోమనేవాడు, తుమ్ము వచ్చేలా ఉంటే బయట తుమ్మి రమ్మనేవాడు. నేను అక్కడ టైపిస్టును. రోజూ మంథని నుంచి బస్సులో వచ్చి ఆ కంప్యూటర్ మీద పని చేసేది నేనే. అయినా నన్నూ వదిలేవాడు కాదు. ఒకరోజు నా జడ చూసి, "పద్మావతమ్మా, పూలు తీసేయుండ్రి. రేకులు మిషన్ల వడ్తయి" అన్నాడు. "నా జడ సంగతి మీకెందుకు భాయ్?" అని కసిరాను. పూలు మాత్రం తీసి కిటికీలో పెట్టాను. ఆయనతో వాదించి నెగ్గినవాళ్ళు ఆఫీసులో ఎవరూ లేరు.

అంతకు ముందు ఆయన ఉద్యోగం ల్యాంపు రూంలో. బాయిలోకి దిగే ప్రతి మనిషీ తన నంబరున్న ఇత్తడి బిళ్ళ అక్కడ ఇచ్చి, టోపీకి పెట్టుకునే దీపం తీసుకోవాలి. పైకి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ వాపసు తీసుకోవాలి. బిళ్ళ బోర్డు మీద వేలాడుతోందంటే ఆ మనిషి ఇంకా భూమి లోపలే ఉన్నాడని లెక్క. ఒక నంబరు దీపం ఇద్దరికి ఇవ్వరు, చచ్చినా ఇవ్వరు. భాయ్ నడుము పట్టేసి నిలబడలేకపోతే, కంపెనీ దవాఖాన డాక్టరు కూర్చునే పని ఇవ్వమని రాశాడు. అలా మా గది కావలికి వచ్చాడు. ల్యాంపు రూం వదిలి వచ్చాడు కానీ, ల్యాంపు రూం ఆయన్ని వదల్లేదు.

ఆయనకు ఒకే ఒక్క కోరిక ఉండేది. ఏటా గనుల రక్షణ వారోత్సవాల్లో బాయిల మధ్య నాటకాల పోటీ ఉంటుంది, మా బాయి తరఫునా ఒక నాటకం వేస్తారు. అందులో వేషం కట్టాలని ఆయన ఎన్నేళ్ళ నుంచో అడుగుతున్నాడు. ఏటా ఆయన చేతికి తెర తాడే ఇచ్చేవారు. భార్య కుబ్రా బేగంకు ఏటా "వచ్చే సాల్ తప్పకుండ" అని చెప్పేవాడు. "తెర గుంజెటోని పెండ్లాన్ని నేను ముందట కూసోని ఏం జూడాలె?" అని ఆవిడ నాటకానికి రావడమే మానేసింది. తొంభై ఎనిమిదిలో వేషం దొరికింది. ముసలి సర్దార్ వేషం. రూఫ్, అంటే బాయి లోపలి పైకప్పు, బాగుందో లేదో తట్టి చూసి, పనివాళ్ళను హెచ్చరించే మనిషి. నిండా రెండు పేజీల మాటలు. ఆ సాయంత్రం ఇంటికి పోతూ మిఠాయి కొనుక్కుని పోయాడు. కుబ్రా బేగం గల్లీ గల్లీ చెప్పుకుంది. కమాన్‌పూర్‌లో ఉన్న చెల్లెలు లతీఫున్నీసాను కూడా రమ్మని కబురు పెట్టింది.

నాటకం రాసింది మా హెడ్ క్లర్కు లక్ష్మీనరసింహం గారు. మా ఊరివారే, మంచి పండితుడు, అందరూ పంతులుగారనేవారు, ఒక్క మాట చాలిన చోట నాలుగు వాడేవారు. ఆయన చెబుతుంటే నేను కంప్యూటర్‌లో కొట్టాను. ఆయన కథలో ముసలి సర్దార్ హితవు చెబుతాడు, పడుచు కార్మికుడు వినడు, రూఫ్ కూలి చనిపోతాడు, భార్య ఏడుస్తుంది. బాగానే ఉంది. కానీ పడుచు కార్మికుడి వేషం వేసే సదయ్యకు అది నచ్చలేదు. సదయ్య పాటగాడు. "నేను సచ్చిపోతే పాటలు ఎవడు వాడాలె అమ్మా? సర్దార్‌ను సంపుండ్రి. నన్ను కాపాడి ఆయన పోతడు. అప్పుడు నేను పాట అందుకుంట, జనం గొల్లున ఏడుస్తరు" అన్నాడు. ఇది తెలిసి రక్షణ ఆఫీసరు లింగమూర్తి గారు పరుగున వచ్చారు. "మన బాయిల మనమే మనుషులను సంపుకుంటమా? బహుమతి ఎవడిస్తడు? ఎవ్వరూ సావద్దు. మేనేజరు దండలు పట్టుకొని వచ్చి, ఈ ఏడు ఒక్క ప్రమాదం కాలేదని చెప్పాలె. అంతే" అన్నారు.

ముగ్గురూ మూడు దిక్కులా లాగుతుంటే నా ప్రాణం విసిగిపోయింది. పొద్దున కొట్టింది మధ్యాహ్నం చెరిపెయ్, మధ్యాహ్నం చెరిపింది సాయంత్రం మళ్ళీ కొట్టు. ఆ మాటే ఏరియా ఆఫీసు నుంచి కంప్యూటర్లు చూడటానికి వచ్చిన ఇంజనీరుతో మొరపెట్టుకుంటే ఆయన నవ్వి, వర్డ్‌లో ఫైల్ మెనూ తెరిచి 'వెర్షన్స్' అని చూపించాడు. అక్కడ నొక్కి దాస్తే పాత ప్రతి పోదట. కొత్తదీ ఉంటుంది, పాతదీ అదే ఫైల్లో ఉంటుంది. ఏ ప్రతి ఏ రోజు దాచామో చూపిస్తుంది. ఎవరు ఏం మార్చారో రాసుకోవడానికి చిన్న గడి కూడా ఇస్తుంది. కావాలంటే పాత ప్రతిని తెరిచి చూసుకోవచ్చు. నాకు పెద్ద బరువు దిగినట్టయింది. నా వెనకాల నిలబడి వింటున్న కుతుబుద్దీన్ భాయ్ ముఖం మాత్రం పండగ చంద్రుణ్ణి చూసినట్టు వెలిగిపోయింది.

"అంటే ఎవరు దిగిండ్రు, ఎప్పుడు పైకొచ్చిండ్రు, అంత దీంట్ల ఉంటదన్నట్టేనా అమ్మా?"

"ఆ, అంతే భాయ్."

ఆ 'అంతే' అన్న పాపానికి మర్నాడు గోడకు మేకు దిగింది. ఒక్కటే మేకు. పాత ల్యాంపు రూం నుంచి అరిగిపోయిన ఇత్తడి బిళ్ళలు మూడు తెచ్చి ముగ్గురికీ ఇచ్చాడు. నాటకం మార్చాలనుకున్నవాడు తన బిళ్ళ మేకుకు తగిలించి నా పక్కన కూర్చోవాలి. పని అయ్యాక, గడిలో పేరు రాయించి, బిళ్ళ తీసుకుని పోవాలి. మేకు మీద ఒకరి బిళ్ళ ఉండగా ఇంకొకరు గడప దాటకూడదు. "ఒక నాటకం, ఒక మనిషి. ఇద్దరు ఒక్కసారి దిగుతే ప్రమాదమైతది" అని తీర్మానించాడు.

మొదటి వారమే లక్ష్మీనరసింహం గారు బిళ్ళ మేకు మీద మర్చిపోయి, సెలవు పెట్టి మంథనిలో చుట్టాల పెళ్ళికి పోయారు. లింగమూర్తి గారు వచ్చారు. కుతుబుద్దీన్ భాయ్ లేచి సలాం పెట్టి, దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"సార్, మనిషి ఇంక లోపలనే ఉన్నడు."

"ఏ మనిషయ్యా? గదిల పద్మావతమ్మ తప్ప ఎవ్వరు లేరు గదా!"

"బిళ్ళ ఉన్నది సార్. బిళ్ళ ఉంటే మనిషి ఉన్నట్టే."

"ఏందయ్యా నీ లొల్లి! ఆయన మంథనిల సుట్టాలింట్ల లడ్డూలు తింటున్నడు!"

"లడ్డూలు తినని సార్, ఏమన్న తినని. పైకొచ్చి బిళ్ళ తీసుకోవాలె గదా."

ఆఫీసరు తల పట్టుకున్నారు. చివరికి కంపెనీ జీపు మంథనికి పోయి, లక్ష్మీనరసింహం గారిని పెళ్ళి విందులోంచి లేపి తీసుకొచ్చింది. ఆయన జరీ పంచెతో వచ్చి బిళ్ళ తీసి నాలుగు శాపనార్థాలు పెట్టి వెళ్ళారు. కుతుబుద్దీన్ భాయ్ నిమ్మళంగా స్టూలు మీద కూర్చుని, "అందరు క్షేమంగ పైకొచ్చిండ్రు" అన్నాడు. నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు.

ఇన్ని కట్టుబాట్లు పెట్టిన మనిషి ఒకటి మరిచిపోయాడు. కాగితం. వంతు కోసం కూర్చోలేక ఒక్కొక్కరూ, "ఉన్నకాడికి ప్రింటు తీసియ్యమ్మా, ఇంటికాడ చదువుకుంట" అనేవారు. "కాగితాలకు బిళ్ళ అక్కరలేదు, ఎన్నన్న తీస్కపోండ్రి" అని ఆయనే దర్జాగా చెప్పేవాడు. నా ప్రింటరు కిర్రుకిర్రుమంటూ ఏ రోజు ఉన్న ప్రతిని ఆ రోజు కక్కేది. అందరూ కలిసి రిహార్సల్ చేసి ఉంటే అప్పుడే బయటపడేది. కానీ సదయ్యది మొదటి షిఫ్టు, లక్ష్మీనరసింహం గారిది ఆఫీసు టైము, కార్మికుడి భార్య వేషం వేసే క్యాంటీన్ మల్లక్కకు పొద్దుగూకేదాకా పని. ఎవరింట్లో వాళ్ళు గోడకు చెప్పుకుంటూ నేర్చుకున్నారు.

చివరి మార్పు సదయ్యది. బిళ్ళ తగిలించి, నా పక్కన కూర్చుని, సర్దార్ మాటలన్నీ తీయించాడు. రెండో రంగంలోనే సర్దార్ మీద రూఫ్ కూలుతుంది. నోట్లోంచి ఒక్క ముక్క రాకముందే ప్రాణం పోతుంది. ఇక చివరిదాకా తెల్లగుడ్డ కింద శవం. దాచి, గడిలో సదయ్య పేరు రాశాను. అతను పోయాక కుతుబుద్దీన్ భాయ్ మెల్లగా లోపలికి వచ్చాడు.

"నాయి ఎన్ని మాటలు మిగిలినయి అమ్మా?"

కంప్యూటర్ తెర మీద చూపించాను. చాలాసేపు చూశాడు. "భాయ్, మీ రెండు పేజీలు ఎక్కడికీ పోలేదు, పాత ప్రతిలో భద్రంగా ఉన్నాయి. నిమిషం పని. పెట్టెయ్యనా?" అన్నాను.

ఆయన మేకు వైపు చూశాడు. "నాకు బిళ్ళ లేదు గదా అమ్మా" అన్నాడు.

"మీరు పెట్టిన రూలే కదా, మీరే తీసెయ్యండి! ఇంట్లో ఆవిడకేం చెబుతారు?"

"ఆఖరుకు దాసిందే అసలుది" అని చెప్పి బయటికి వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాడు. నాకు ఆయన మీద చెప్పలేనంత కోపం వచ్చింది. అంతే జాలీ వేసింది. ఇంట్లో మాత్రం ఆయన పెదవి విప్పలేదట.

నాటకం రోజున క్లబ్బు ముందు మైదానం కిక్కిరిసిపోయింది. కుబ్రా బేగం కొత్త బురఖా వేసుకుని, ముసుగు ఎత్తి, చెల్లెల్ని పక్కన పెట్టుకుని ముందు వరసలో కూర్చుంది. నేను తెర పక్కన నిలబడ్డాను. రెండో రంగం వచ్చింది. అట్టపెట్టెల రూఫ్ కూలింది. కుతుబుద్దీన్ భాయ్ సదయ్యను పక్కకు తోసి, చప్పుడు లేకుండా పడిపోయాడు. గుడ్డ కప్పారు. కుబ్రా బేగం చెల్లెలి వైపు చూసింది. చెల్లెలు నేల వైపు చూసింది. సదయ్య గొంతెత్తి సర్దార్ మీద పాట అందుకున్నాడు.

అప్పుడు వచ్చింది మల్లక్క, జుట్టు విరబోసుకుని. ఆమె చేతికి దొరికిన కాగితం లక్ష్మీనరసింహం గారి మొదటి ప్రతి. అందులో చచ్చింది ఆమె మొగుడు. పక్కనే నిలబడి పాడుతున్న మొగుణ్ణి పట్టించుకోకుండా పోయి గుడ్డ మీద దబ్బున పడింది. "నన్ను ఒక్కదాన్ని జేసి పోయినవా నా రాజా! ఇగ నాకెవరు దిక్కు!" అని గుండెలు బాదుకుంది. సదయ్య పాట ఆపేసి, "నేను ఈడ్నే ఉన్న గదనే!" అని గొణిగాడు. ముందు వరసలోంచి కుబ్రా బేగం లేచింది. "యే కౌన్ హై జీ? మా ఆయన మీద వడి ఏడ్సుడేంది?" అంది గట్టిగా. మైదానం గొల్లున నవ్వింది.

ఇది చాలదన్నట్టు లక్ష్మీనరసింహం గారు మేనేజరు వేషంలో, చేతి నిండా పూలదండలతో వచ్చారు. మేనేజరు వేషం ఉన్నది ఆఫీసరు ప్రతిలోనే, ఆయన బట్టీ పట్టింది అదే. కాళ్ళ దగ్గర శవం, శవం మీద ఏడుస్తున్న ఆడమనిషి. ఆయన తొణక్కుండా, "సోదరులారా! ఈ సంవత్సరం మన బాయిలో ఒక్క ప్రాణానికి కూడా ముప్పు వాటిల్లలేదని ఘనంగా ప్రకటిస్తున్నాను!" అన్నారు. ఈలలు, కేకలు. లింగమూర్తి గారు జడ్జీల పక్కన కూర్చుని రుమాలుతో ముఖం కప్పుకున్నారు.

తెల్లగుడ్డ కదిలింది. మల్లక్కను పక్కకు జరిపి, శవం లేచి కూర్చుంది.

"ఆగుండ్రి! మల్లక్కా, నువ్వు సదివింది మొదటి ప్రతి. దాంట్ల సచ్చింది సదయ్య, నేను గాదు. పంతులుగారూ, మీది ఆఫీసరు సారుది. దాంట్ల ఎవ్వరు సావరు. ఆఖరుది ఇది. దీంట్ల నేను సచ్చిన!"

"సస్తే మాట్లాడుతున్నవేంది కాకా?" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

"బోలో జీ! ఆపకు!" అని కుబ్రా బేగం ఇంకా గట్టిగా అరిచింది.

ఆయన భార్య వైపు చూశాడు. తర్వాత జనం వైపు తిరిగాడు. నేను ఆ గొంతు వాకిట్లో వేలసార్లు విన్నాను, కానీ అంత గట్టిగా ఎప్పుడూ వినలేదు. "మూడు తీర్ల రాసిండ్రు. మాకైతె తెగుతలేదు. మీరే చెప్పుండ్రి. ఎవరు సావాలె? నేనా, సదయ్యనా?"

నవ్వులు ఇంకా ఆగలేదు. "సదయ్య! సదయ్య! వాని పాట వినలేకపోతున్నం!" అని కుర్రాళ్ళు మొదలుపెట్టారు. అప్పుడు ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చున్న సమ్మవ్వ లేచింది. ఆమె భర్త బాయిలో పోయి చాలా ఏళ్ళయింది. ఆ సంగతి అక్కడ తెలియనివాళ్ళు లేరు.

"ఎవ్వరు సావద్దు బిడ్డా" అంది. "ఎవ్వరు సావద్దు."

ఆమె గట్టిగా కూడా అనలేదు. కుర్రాళ్ళు నోరు మూసుకున్నారు. ఇంత సేపూ నవ్విన మగవాళ్ళు తలలు దించుకున్నారు. వాళ్ళలో సగం మంది మర్నాడు పొద్దున షిఫ్టుకు దిగేవాళ్ళే. కుతుబుద్దీన్ భాయ్ నడుము పట్టుకుంటూ లేచి నిలబడ్డాడు.

"అట్లయితె సరే అవ్వా. నేను గూడ లేస్తున్న" అన్నాడు.

మొదట చప్పట్లు కొట్టింది కుబ్రా బేగం. తర్వాత మైదానమంతా కొట్టింది. దండలు ఎవరికి వెయ్యాలో తెలియక లక్ష్మీనరసింహం గారు చేతికి అందిన వాళ్ళందరికీ వేసేశారు. బహుమతి వేరే బాయికి పోయింది. దాని గురించి ఎవరూ అడగలేదు. మెడలో దండతో కుతుబుద్దీన్ భాయ్ మెట్లు దిగి వస్తుంటే సమ్మవ్వ ఎదురుపోయి ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది.

"పైలంగ ఇంటికి పో బిడ్డా" అంది.