అమ్మగారి కోరలు

పళ్ళు కట్టే పనిలో ముప్ఫై ఒక్క ఏళ్ళు గడిపిన మనిషి ఆవిడ. ఊరి బడిలో ఏడో తరగతితో చదువు ఆగిపోయినా, ఈ ముప్ఫై ఒక్క ఏళ్ళలో నాలుగు వేల పైచిలుకు నోళ్ళకు పళ్ళ సెట్లు తయారుచేసింది. ఆ నోళ్ళలో ఇద్దరు జడ్జీలవి ఉన్నాయి, ఒక పాటగాడిది ఉంది, సర్కస్‌లో నోటితో తాడు కరిచి గాల్లో వేలాడే ఒకాయనది కూడా ఉంది. ఆ తాడాయన సెట్టు ఇన్నేళ్ళయినా ఊడలేదని ఆవిడ సందు దొరికినప్పుడల్లా చెబుతుంది. చెప్పుకోవడంలో తప్పేమీ లేదు. చెయ్యనిది చెప్పుకుంటే తప్పు గాని, చేసింది చెప్పుకోకపోతే ఎవరికి తెలుస్తుంది?

ఈ ఘనతలన్నీ ఒక ఎత్తు, ఆవిడ నగలు ఒక ఎత్తు. పాత నలుపు తెలుపు దయ్యాల సినిమాల్లో నటీనటులు పెట్టుకున్న నగలు చూసి, అచ్చం అలాంటివే సంపాదిస్తుంది. దొరకనివి తనే చేస్తుంది. చేసినవాటిని బీరువాలో దాచదు, పెట్టుకుని తిరుగుతుంది. రెక్కలు విప్పిన గబ్బిలం ఉంగరం కుడి చేతి నడిమి వేలికి ఉండాల్సిందే. శవపేటిక ఆకారంలో ఉన్న చెవి కమ్మలకి బుల్లి మూతలుంటాయి, అవి తెరుచుకుంటాయి కూడా. గాజు కన్ను పొదిగిన లాకెట్ వేసుకుని ఒకసారి పెళ్ళికి వెళితే, ఎదురుగా కూర్చున్న పెద్దాయన ఆ కన్ను తననే చూస్తోందని మూడుసార్లు కుర్చీ మార్చాడు. వీధిలో అందరూ ఆవిడను గబ్బిలాల అత్త అంటారు. బస్సు నడిపే భర్తకు మాత్రం అభ్యంతరం లేదు. "నీ పక్కన నడిస్తే నాకో సుఖం ఉందే, ఎవరూ అప్పడగడానికి దగ్గరికి రారు" అంటాడు.

నగ కొలతలు తీయడంలో ఆవిడకొక పద్ధతి ఉంది. టీవీలో సినిమా ఆపుతుంది. నగ పెట్టుకున్న మనిషి నవ్వే చోటో, కేక పెట్టే చోటో ఆపాలి. పెద్దవాళ్ళ పై వరసలో ముందు పన్ను వెడల్పు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుందని ఆవిడ చేతివేళ్ళకే తెలుసు. ఇక స్కేలు పెట్టి, ఉంగరం రెండు పళ్ళ వెడల్పు, పతకం అయిదు పళ్ళ పొడవు అని లెక్క కట్టేస్తుంది. నగల షాపుల్లో అచ్చు పోసినవాళ్ళు కూడా ఇంత కచ్చితంగా చెయ్యలేదని, ఆ సినిమాల పిచ్చి ఉన్నవాళ్ళే ఒప్పుకున్నారు.

ఈ పనంతా జరిగేది పళ్ళ డాక్టరుగారి ఆస్పత్రి మేడ మీద, వెనక గదిలో. రెండు బెంచీలు, సాన పట్టే మోటారు, మైనం కరిగించే చిన్న మంట, కిటికీ కింద అర. పొద్దుటినుంచి అయిదింటిదాకా పళ్ళు, అయిదు దాటాక ఒక గంట నగలు. రెండో బెంచీ మీద కూర్చునేది ఆవిడ మరిది. పదహారేళ్ళ కింద తనే తీసుకొచ్చి పని నేర్పింది. పాలిష్ పట్టడంలో అతన్ని మించినవాడు లేడని కూడా తన ఘనతల్లోనే కలిపి చెబుతుంది.

డాక్టరుగారు మంచివారే గాని, నవ్వులాట మనిషి కాదు. ఒకసారి శవపేటిక కమ్మ ఒకటి పొరపాటున రోగి పళ్ళ డబ్బాలో వెళ్ళిపోయింది. ఇంకోసారి ట్రేలోంచి గాజు కన్ను చూస్తోందని, పన్ను పీకించుకోవడానికి వచ్చినాయన కుర్చీ దిగి పారిపోయాడు. అప్పుడు డాక్టరుగారు మెట్లెక్కి వచ్చి, "అక్కగారూ, రెండయ్యాయి. మూడోది జరిగితే ఈ బెంచీ పళ్ళకే. మీ దయ్యాల సరుకు మీ ఇంటికి" అన్నారు.

ఇల్లంటే రెండు గదులు. మంటకి చోటు లేదు, మోటారు పెడితే కింది వాటావాళ్ళు ఊరుకోరు. బెంచీ పోతే నగలు చెయ్యడం పోయినట్టే. అందుకని ఆ రోజునుంచి ఆవిడ ఒళ్ళు దగ్గర పెట్టుకుని పని చేసింది.

తొమ్మిది నెలలుగా చేస్తున్నది కోరల హారం. ఒక పాత సినిమాలో కోట యజమానురాలు వేసుకునేది. నల్లతాడు మీద తొమ్మిది కోరలు, నడుమ రెండూ మిగతావాటికన్నా పొడుగు. ఆ ఆదివారం పాత సినిమా హాల్లో ఆ సినిమా పెద్ద తెర మీద వేస్తున్నారు. ఆ పిచ్చి ఉన్నవాళ్ళందరూ తమ తమ నగలతో వస్తారు. ఏడు కోరలు అయిపోయాయి, నడిమి రెండే మిగిలాయి. శుక్రవారం సాయంత్రం పనిలోంచి లేస్తూ, మర్నాడు మరిచిపోకుండా ఒక చీటీ రాసి అరలో పెట్టింది: "అమ్మగారి కోరలు రెండూ పొడుగ్గా, మొన తీసి."

ఆ సినిమాలో కోట నౌకర్లు యజమానురాలిని అమ్మగారనే పిలుస్తారు. ఆవిడకు అదే అలవాటైపోయింది.

శనివారం పొద్దున వచ్చి చూస్తే అరలో చీటీ లేదు.

"ఇక్కడ నా చీటీ ఒకటుండాలి, చూశావా?" అని మరిదిని అడిగింది.

"అమ్మగారి చీటీయేగా. నువ్వు వెళ్ళాక నేనింకా ఉన్నాను కదా, రాత్రికి మిగల్చకుండా చేసిచ్చేశాను వదినా."

"ఏం చేసిచ్చావు?"

"కోరలు పొడుగు చేశాను, మొన తీశాను. నాకూ వింతగానే అనిపించింది. ఈ వయసులో ఆవిడకి ఇంత మొన దేనికా అని. వదిన ఊరికే రాయదులే అనుకున్నా."

ఆవిడ వంగి అరంతా తడిమింది. ఆ ఆస్పత్రిలో అమ్మగారంటే డాక్టరుగారి అత్తగారే, ఇంకెవరూ కాదు. ఆవిడ పళ్ళ సెట్టు కూడా నిన్న అదే అరలో ఉంది. మైనంతో నోట్లో పెట్టి చూడడం మంగళవారమే అయిపోయింది, సాన పట్టి ఇవ్వడమే మిగిలింది. ఇక పళ్ళ పనిలో కోరపన్నును ఎవరూ కోరపన్ను అనరు. ముందు పన్ను, కోర, దవడ పన్ను, అంతే. చివరి నిమిషంలో మార్పు చెప్పారనుకుని మరిది మార్చేశాడు.

"అది సినిమాలో అమ్మగారయ్యా."

"సినిమాలో ఆవిడకి మనం పళ్ళు కట్టడం ఎప్పటినుంచి?"

"పళ్ళు కాదు, మెళ్ళో హారం. ఆ సెట్టేదీ?"

"డాక్టరుగారే డబ్బా జేబులో వేసుకుని ఇంటికి పట్టుకెళ్ళారు. మూత తీసి కూడా చూడలేదు, నా పని మీద ఆయనకి అంత నమ్మకం."

కింద గదిలో డాక్టరుగారు ఎవరిదో జ్ఞానదంతంతో కుస్తీ పడుతున్నారు. ఒంటిగంటకు గాని భోజనానికి ఇంటికి వెళ్ళరు. ఇల్లు రెండు వీధుల అవతల. ఆవిడ చిన్న ఆకురాయి, చేతి మిషను, గరుకు కాగితం సంచిలో వేసుకుంది. పావుగంట పని. కోరలు తగ్గించి, నున్నగా చేసి, నోట్లో పెట్టేసి వస్తే మూడో కంటికి కూడా తెలియదు.

తలుపు తీసింది అమ్మగారే. ఎనభై దాటిన మనిషి, బక్కపలచగా, చేతికర్రతో. మామూలుగా నోటి మీద చెయ్యి పెట్టుకుని మాట్లాడే మనిషి ఆ రోజు చెయ్యి పెట్టుకోలేదు.

"రామ్మా, నువ్వేగా ఇవి కట్టింది?" అని నవ్వింది.

రెండు కోరలూ కింది పెదవి దాకా దిగి ఉన్నాయి. ఎంత కంగారులో ఉన్నా, వాటి మీద మరిది పట్టిన పాలిష్ అద్దంలా ఉందని గబ్బిలాల అత్త కళ్ళు గమనించనే గమనించాయి.

"అమ్మగారూ, ఒక పొరపాటు జరిగింది. అవి ఒకసారి ఇస్తే పావుగంటలో..."

"కూర్చో ముందు. పై ఇంటాయన సంగతి నీకు తెలుసా? మూడేళ్ళయింది, తడిబట్టలు పిండకుండా ఆరేస్తాడు. నీళ్ళన్నీ నా కుర్చీ మీదే. ఎన్నిసార్లు చెప్పినా, అలాగే అలాగే అంటాడు. పొద్దున మెట్ల దగ్గర ఎదురుపడ్డాడు. నేను ఏమీ అనలేదు, కొత్త పళ్ళు కదా అని ఒక నవ్వు నవ్వాను. గంటలో దండెం వెనకవైపుకి మార్చేసుకున్నాడు."

"అయ్యో, భయపడి ఉంటారు."

"భయపడే ఉంటాడు. నన్ను చూసి ఎవరైనా భయపడి ఇరవై ఏళ్ళయింది. అందరూ పాపం, పెద్దావిడ అంటారు. అద్దంలో చూసుకున్నాక నాకే హుషారొచ్చింది. ఇవ్వను పో."

ఇక చెప్పక తప్పలేదు. చీటీ సంగతి, హారం సంగతి, పోయిన రెండుసార్లు ఏం జరిగిందీ, బెంచీ సంగతి మొత్తం చెప్పుకొచ్చింది. డాక్టరుగారు వచ్చేలోగా సరిచేస్తే ఎవరికీ తెలియదని కూడా చెప్పింది.

అమ్మగారు గబ్బిలం ఉంగరం కేసి చూస్తూ విన్నది. విని, "అయితే మా అల్లుడికి తెలియకుండా కప్పెట్టేద్దామంటావు. నాలుగు వేల సెట్లు కట్టానని మొన్న అచ్చు తీసినప్పుడు చెప్పావు కదా. అందులో ఎన్ని కప్పెట్టావు?" అని అడిగింది.

మాట మెత్తగానే ఉంది గాని, తగలాల్సిన చోటే తగిలింది. "ఒక్కటీ లేదమ్మగారూ" అంది గబ్బిలాల అత్త. అది నిజమే. బయటికి తీసిన ఆకురాయిని మళ్ళీ సంచిలో పెట్టేసింది. ఒంటిగంట దాకా ఇద్దరూ కూర్చున్నారు. కోట యజమానురాలి కథంతా అమ్మగారు చెప్పించుకుంది, చివరికి ఆవిడ గుండెలో మేకు దిగుతుందంటే, "అన్యాయం, ఆవిడ మానాన ఆవిడ బతుకుతోంది కదా" అంది.

డాక్టరుగారు చెప్పులు విప్పుతుండగానే గబ్బిలాల అత్త లేచి నిలబడింది. ముప్ఫై ఒక్క ఏళ్ళూ, జడ్జీలూ, తాడాయనా వరసగా నాలిక చివరిదాకా వచ్చారు. వాళ్ళందర్నీ మింగేసింది.

"డాక్టరుగారూ, తప్పు నాది. నా సొంత పని చీటీ మీద పేరు, నంబరు వెయ్యకుండా అరలో పెట్టాను. మా మరిది చీటీలో ఉన్నట్టే చేశాడు, అతన్ని ఏమీ అనకండి. ఇది మూడోసారి. మీరన్న మాట నాకు గుర్తుంది."

"ఏం తప్పు?" అంటూ ఆయన అత్తగారి వైపు తిరిగారు. అత్తగారు నోరారా నవ్వింది.

డాక్టరుగారు ఒకడుగు వెనక్కి వేశారు. వెనకున్న స్టూలు పడింది. తరవాత ఆయనలోని డాక్టరు మేలుకున్నాడు. దగ్గరికొచ్చి, అత్తగారి గడ్డం పట్టుకుని వెలుతురులోకి తిప్పి చూశారు.

"కింది పెదవికి గుచ్చుకుంటున్నాయా అత్తయ్యగారూ?"

"నవ్వినప్పుడు కొంచెం. ఇన్నాళ్ళూ నవ్వలేదు కాబట్టి ఇబ్బంది లేదు."

ఆయన వేలితో అంచు తడిమారు. ఎక్కడా గరుకు లేదు. లేదని పైకి అనకుండా, "మాటంటే మాటే అక్కగారూ. సోమవారం నుంచి..." అని మొదలుపెట్టారు.

"అల్లుడుగారూ," అంది అమ్మగారు. "ఈ మనిషి పొద్దున పదింటికి సంచిలో ఆకురాయితో వచ్చింది. ఇవి అరగదీసి, మీకు తెలియకుండా వెళ్ళిపోవచ్చు. నేను పట్టుబట్టినా ఎంతసేపు ఆపగలను? కూర్చుంది. మీ మొహం చూసి చెప్పింది. నా నోట్లో పెట్టుకునేది ఇలాంటి మనిషి చేతి పనే అయి ఉండాలి. సాయంత్రం ఆ చేతులు గబ్బిలాలు చేసుకుంటే మీకేం పోయింది? ఒకే అరలో పళ్ళూ పెట్టించి, కోరలూ పెట్టించి, కలిసిపోయాయంటే కలవక ఏమవుతాయి?"

డాక్టరుగారు పడిన స్టూలు లేవదీశారు. దాని మీదే కూర్చున్నారు. "ఆస్పత్రిలో కింది మందుల గదిలో తాళం ఉన్న అలమర ఒకటి ఖాళీగా ఉంది. మీ సరుకంతా అందులో. తాళంచెవి మీ దగ్గర. పళ్ళ అరలో మీ చీటీ ఒక్క ముక్క కనపడ్డా మళ్ళీ మాట్లాడుకుందాం" అన్నారు. గబ్బిలాల అత్త సంచిలోంచి ఆకురాయి మళ్ళీ బయటికి తీసింది.

తరవాత పని మొదలైంది. అమ్మగారు సెట్టు తీసి ఇచ్చింది. డాక్టరుగారే అద్దం పట్టుకున్నారు. గబ్బిలాల అత్త ఎడమ కోర తగ్గించి, నున్నగా చేసి, నోట్లో పెట్టి చూపించింది. కుడిదానికి మిషను పెట్టబోతే అమ్మగారు సెట్టు లాక్కుంది.

"ఇది ఉండనీ. పై ఇంటాయన దిగే మెట్లు ఇటువైపే ఉన్నాయి."

డాక్టరుగారు మొనను మరీ గుచ్చుకోకుండా కాస్త మొద్దు చెయ్యమని మాత్రం అని, భోజనానికి లేచారు.

మూడింటికి గబ్బిలాల అత్త మేడ మెట్లెక్కితే మరిది తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు.

"ఉద్యోగం పోయిందా, బెంచీ పోయిందా? ఏదో ఒకటి చెప్పు వదినా, పొద్దుటినుంచి నాకు అన్నం సయించలేదు."

"ఏదీ పోలేదు. పైగా అలమర వచ్చింది. అమ్మగారు నీ పాలిష్ మెచ్చుకున్నారు, పై ఇంటాయనకి కూడా నచ్చిందట."

ఆ సాయంత్రం అయిదు దాటాక ఆవిడ మిగిలిన రెండు కోరలూ అచ్చులోంచి తీసి మరిది ముందు పెట్టింది. అతను మోటారు వేసి, మొన తీయడం మొదలుపెట్టాడు. ఇవి మెడలోకే గాని నోట్లోకి కాదు కదా అని మాత్రం రెండుసార్లు అడిగాడు.