మాట్లాడని వదిన మాట్లాడ్డం మానేసింది

కర్టెన్లు కుట్టే ఆ కార్ఖానాలో ఆమె అసలు పేరు పిలిచేవాళ్ళే లేరు. అందరికీ గలగలక్కే. నోట్లో నువ్వుగింజ నానదు. కుట్టుమిషను ఆగినా ఆవిడ మాట ఆగదు. పొద్దున బస్సులో పక్క సీటావిడ చెప్పిన కష్టం దగ్గర్నుంచి, సాయంత్రం తాను ఏం వండబోతోందో దాకా, అంచులు మడిచి కుడుతూ ఊరికే చెప్పుకుపోయేది.

ఆమె ఎదురుగా, పొడవాటి బల్లకి అటువైపు, గుడ్డ కత్తిరించేది ఆమె వదిన. సొంత అన్నయ్య భార్య. ఈవిడ ఎంత వాగుడో ఆవిడ అంత ముక్తసరి. సుద్దతో గీత గీస్తుంది, కత్తిరిస్తుంది, ముక్కని బల్ల మీద ఇటు తోస్తుంది. అంతే. ఏమడిగినా "ఊఁ" అనో "చూద్దాంలే" అనో జవాబు. గుడ్డ ఎంచుకోడానికి కొనేవాళ్ళు వస్తే మాత్రం లేచి వెళ్ళి, బేళ్ళు విప్పి చూపించేది. అప్పుడు కూడా నాలుగు మాటలకి మించి ఖర్చు పెట్టేది కాదు.

అలాంటి మనిషి మాట్లాడ్డం మానేస్తే ఎలా తెలుస్తుంది? గలగలక్కకి తెలియలేదు. వదినని వెనకాల ఉన్న కటింగ్ గదిలోకి మార్చారని మాత్రం తెలుసు. కొత్త మేనేజరుగారి ఏర్పాటేమో అనుకుంది. తరవాత మెల్లిగా అనుమానం వచ్చింది. కత్తిరించిన గుడ్డలు వదిన చేత్తో రావడం మానేశాయి, ఎవరో ఒకరు తెచ్చి పడేస్తున్నారు. మధ్యాహ్నం డబ్బా విప్పుకునే చోటికి వదిన రావడంలేదు. బస్సు స్టాపులో ఎదురుపడితే గోడ మీద అతికించిన కాగితాలు చదువుతూ నిలబడుతోంది. ఒకటే కాగితం, రెండు బస్సులు వెళ్ళిపోయేదాకా.

"అన్నయ్యా, వదినకి నామీద కోపమా?" అని ఫోన్లో అడిగింది.

"కోపమొస్తే నాకు చెబుతుందా ఏమిటి? నాతో మాత్రం మాట్లాడుతుందా?" అన్నాడు అన్నయ్య.

దాంతో ఆమెకి తలా తోకా తెలియలేదు. తానేం చేసింది? కిందటి నెల అన్న మాటలన్నీ గుర్తుచేసుకుందామని కూర్చుంది. ఎన్నని గుర్తుంటాయి? మాటల మనిషికి అదే చిక్కు, ఏ మాట తగిలిందో వెతకాలంటే గడ్డివాములో సూది.

కొత్త మేనేజరు వేరే దేశం నుంచి వచ్చాడు, ఇంగ్లీషు తప్ప మాట్లాడడు. ఆయన పట్టుబట్టి సాయంత్రాలు కార్ఖానా మేడ మీద ఇంగ్లీషు క్లాసు పెట్టించాడు. చెప్పేది ఒక లెక్చరరమ్మ. గలగలక్క మొదటి వరసలో కూర్చునేది. ఆ రోజు లెక్చరరమ్మ పేచీలకి వాడే మాటలు మొదలుపెట్టింది.

"డెడ్‌లాక్. ఇద్దరూ చెరో వైపు పట్టుబట్టి, ఎవరూ దిగిరాకపోతే అది డెడ్‌లాక్. స్టేల్‌మేట్ అంటే ఎవరైనా చెప్పగలరా?"

గలగలక్క చెయ్యెత్తింది. "స్టేల్ అంటే పాసిపోయింది. మేట్ అంటే స్నేహితుడు. పాసిపోయిన స్నేహమండీ!"

క్లాసంతా నవ్వింది. లెక్చరరమ్మ కూడా నవ్వింది. "బావుందమ్మా, కానీ కాదు. చదరంగంలో రాజుకి దెబ్బ తగల్దు, ఎటూ కదలడానికి గడీ ఉండదు. గెలుపూ లేదు, ఓటమీ లేదు. ఆట అక్కడే ఆగిపోతుంది."

గలగలక్క ఆలోచనలో పడింది. వదినకీ తనకీ ఉన్నది డెడ్‌లాకా? పట్టుబట్టడానికి తనకి పట్టే లేదే. స్టేల్‌మేటా? అసలు ఆట ఎప్పుడు మొదలైందో కూడా తెలియదు.

"ఏమండీ, ఒకరికి కోపమొచ్చి, ఎందుకొచ్చిందో రెండోవాళ్ళకి తెలియకపోతే? దాన్ని ఏమంటారు?"

"దానికి మాట దేనికమ్మా, వెళ్ళి అడిగితే సరి," అంటూ లెక్చరరమ్మ బోర్డు మీద ఇంకొకటి రాసింది. "ఇది మనుషుల గురించి. ఎవర్నీ దగ్గరికి రానివ్వకుండా, అంటీముట్టనట్టు ఉండేవాళ్ళని స్టాండాఫిష్ అంటారు."

గలగలక్క రాసుకోవడం ఆపేసింది.

ఆ మాట ఆమె ఇదివరకే విన్నది. వదినని లోపలి గదికి మార్చడానికి కాస్త ముందు మేనేజరు బల్ల దగ్గరికొచ్చి, వదిన వైపు తలూపి, "యువర్ సిస్టర్ ఇన్ లా, ఈజ్ షీ స్టాండాఫిష్?" అని అడిగాడు. ఆమె చెవికి చివరి "ఫిష్" అన్న ముక్కే చిక్కింది. వదిన డబ్బాలో ఎప్పుడూ చేపముక్కలే. చేపలు తింటుందా అని అడుగుతున్నాడు కాబోలనుకుని, ఆయనకి ఇంగ్లీషులో జవాబిచ్చే అదృష్టం పట్టినందుకు మురిసిపోయి, "యస్ సర్! వెరీ మచ్! డైలీ!" అంది.

క్లాసు మధ్యలోనే లేచి కిందికి పరిగెత్తింది. వదిన కటింగ్ గదిలో బల్ల మీది పీలికలు ఊడుస్తోంది.

"వదినా, నేను చేపలనుకున్నాను!"

వదిన చీపురు ఆపింది. ఈవిడ గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పింది. మేనేజరు, చేపలు, డైలీ, లెక్చరరమ్మ, పాసిపోయిన స్నేహం కూడా.

"నీ ఆడపడుచే అలా అంది, కొనేవాళ్ళ ముందుకి నువ్వొద్దు అన్నాడు ఆయన," అంది వదిన. "ఆయన ఇంగ్లీషుని గుమాస్తా విడమర్చి చెప్పాడు."

"నాకా మాట తెలియదు వదినా! నీ డబ్బాలో చేపలు చూసి, నీకు చేపలంటే ప్రాణం కదా అని..."

"నాకు చేపలు పడవు."

"ఆఁ?"

"మీ అన్నయ్యకి ఇష్టం. మిగిలింది పారేయలేక తెచ్చుకుంటాను. ముక్కు మూసుకుని తింటాను. ఇన్నేళ్ళు ఎదురుగా కూర్చున్నావు. నువ్వు అన్నీ చెప్పావు. నన్నెప్పుడైనా ఏమైనా అడిగావా? అడిగినా, జవాబు వినేదాకా ఆగావా?"

అంత పొడుగు మాట వదిన నోట ఆమె ఎప్పుడూ వినలేదు. క్షమించమందామా? దేనికి? తెలియక అన్న మాటకా, తెలుసుకోనందుకా? పైగా వదిన అంటీముట్టనట్టు ఉంటుందన్న మాటలో అబద్ధమేమైనా ఉందా అంటే, అదీ తేలడంలేదు.

మర్నాడు ఆమే వెళ్ళి, వచ్చీరాని ఇంగ్లీషుతో, చేతులు తిప్పుతూ మేనేజరుకి సంగతంతా చెప్పింది. ఆయన పగలబడి నవ్వాడు. తరవాత నొచ్చుకున్నాడు. వదినని పిలిపించి, మళ్ళీ ముందు హాల్లోకి రమ్మన్నాడు.

"వద్దు. వెనక గదిలో హాయిగా ఉంది," అంది వదిన.

బయటికొచ్చాక గలగలక్క ఆగలేకపోయింది. "హాయిగా ఉంటే మరి నామీద కోపమెందుకు పెట్టుకున్నావు?"

"గది వేరు. నువ్వన్న మాట వేరు."

"ఇప్పుడు కోపం పోయిందా?"

"చూద్దాంలే."

అది అవునో కాదో ఆమెకి అంతుపట్టలేదు. అయినా ఆ మధ్యాహ్నం వదిన తన డబ్బా పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది. గలగలక్క గొంతుదాకా వచ్చిన బస్సు కబురు మింగేసి, "నీకేం తినాలనుంటుంది వదినా?" అని అడిగింది. అడిగి, పెదవులు బిగించుకుని కూర్చుంది. ఆమె వల్ల అయ్యే పనే కాదది.

వదిన మెతుకులు కలుపుతూ చాలాసేపు ఆలోచించింది. ఎవరూ ఎప్పుడూ అడగని ప్రశ్న అది. పని గంట మోగింది.

"నాకే తెలియడంలేదు. రేపు చెబుతాను," అంటూ వదిన లేచింది.