కత్తి మంచిగనే ఉన్నది అన్నాను

ఒక అబద్ధాన్ని ఇరవై ఏళ్లకు పైగా కడుపులో పెట్టుకుని తిరిగాను. ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా. పెద్ద అబద్ధమేం కాదు, చెప్పడానికి ఒక్క ఊపిరి సరిపోయింది. దాని బరువు మాత్రం పొద్దున షాపు షట్టరు ఎత్తిన ప్రతిసారీ నా భుజాల మీదే ఉండేది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియాల్సిన పనీ లేదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. కుర్చీలో కూర్చున్నవాళ్లు మాతో ఎన్నో చెప్పుకుంటారు. మేం ఎవరితో చెప్పుకోవాలి?

నేను మంగలిని. రాంగోపాల్‌పేట్‌లో ఒక సందులో మా షాపు. నిజానికి అది మా బావ పెట్టిన షాపు, అంటే మా అక్క భర్త. రెండే కుర్చీలు. వాకిలి పక్కన వెలుతురు పడే కుర్చీ బావది, లోపలి చీకటి కుర్చీ నాది. గడ్డాలు ఆయన చేసేవాడు, కటింగులు నేను. ఇంకో పని కూడా నాదే. కత్తిని తోలు పట్టీ మీద రాసి, పదును చూసి, బావ చేతికి అందించడం.

ఇప్పటి కుర్రాళ్లకు ఆ కత్తి తెలియదు. ఇప్పుడు అందరం సగానికి విరిచిన బ్లేడు పెట్టి, ఒక గడ్డానికి వాడి, పారేస్తున్నాం. అప్పటికే చాలా షాపుల్లో అదే వచ్చేసింది. కానీ మా పాత గిరాకీలు కొందరు ఒప్పుకోలేదు. పిడిలోకి మడిచే పాతకాలం కత్తి, ఎవరిది వాళ్లకు, మా షాపు సొరుగులోనే ఉంచుకునేవాళ్లు. ఆ కత్తి బావ చేతిలో ఉంటేనే కుర్చీలో వెనక్కి వాలేవాళ్లు.

బావ చేసే గడ్డం ఎలా ఉండేదో చెప్పకపోతే నా తప్పు ఎంతదో మీకు అర్థం కాదు. ముందు గోరువెచ్చని నీళ్లతో మొహం తడిపి, వేళ్లతో నెమ్మదిగా ఒత్తేవాడు. వెంట్రుక మెత్తబడేదాకా కత్తి వైపు చూసేవాడు కాదు. తర్వాత బ్రష్‌తో నురుగు. ఎడమ బొటనవేలితో చెంపను కాస్త పైకి లాగి, కత్తిని ఆనించేవాడు. నొక్కేవాడు కాదు, ఆనించేవాడు అంతే. కత్తి తన బరువుతో తనే కిందికి దిగేది. మెడ దగ్గర వెంట్రుకలు ఒక్కొక్కరికి ఒక్కో దిక్కుకు వాలి ఉంటాయి. ఆ దిక్కును వేలి కొసతో తడిమి తెలుసుకుని, కత్తిని అటే తిప్పేవాడు. ఒకసారి అయ్యాక మళ్లీ నురుగు పట్టించి, ఈసారి అడ్డంగా. చివర్లో పటిక రుద్ది, చల్లటి నీళ్లు చల్లేవాడు.

నా పెళ్లినాడు పొద్దున ఆయనే నాకు గడ్డం చేశాడు. నేను కళ్లు మూసుకున్నాను. మొహం మీద చల్లగా ఏదో కదులుతోంది, అంతకు మించి ఏమీ తెలియడం లేదు. బావ కత్తి తుడుస్తున్న చప్పుడు విని, "ఎప్పుడు షురూ చేస్తవు బావా?" అన్నాను. పక్కనే ఉన్న అక్క పకపకా నవ్వింది. తడిమి చూసుకుంటే ఒక చెంప అప్పటికే నున్నగా ఉంది. అదే పని నేనూ చేస్తాను కదా, అవే నీళ్లు, అదే సబ్బు. నేను చేస్తే అది గడ్డం. ఆయన చేస్తే నాకు దండం పెట్టాలనిపించేది. ఇప్పటికీ అనిపిస్తుంది.

మా షాపులో రెండు కట్టుబాట్లు ఉండేవి, బావ వాళ్ల నాన్న దగ్గర నేర్చుకున్నవి. కత్తి గొంతు మీద ఉన్నంతసేపూ షాపులో ఎవరూ నోరు విప్పకూడదు. ఇక రెండోది, పదును పెట్టి ఇచ్చినవాడి ముందు కత్తిని మళ్లీ పరీక్షించకూడదు. ఇచ్చేవాడు గోటి మీద లాగి చూసుకునే ఇస్తాడు. పుచ్చుకున్నవాడు నేరుగా మొహం మీద పెడతాడు. మళ్లీ చూస్తే వాణ్ని నమ్మనట్టే. బావ ఒక్కనాడూ నేనిచ్చిన కత్తిని చూసుకోలేదు.

గార్డు సారు అని ఒక పెద్దమనిషి వచ్చేవాడు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాడు. మోండా మార్కెట్‌లో కూరలు కొనుక్కుని, సంచీ మా బల్ల కింద పెట్టి, బావ కుర్చీలో వాలేవాడు. నురుగు పట్టించేలోపే నిద్రపోయేవాడు. గురక కూడా పెట్టేవాడు. గొంతు మీద కత్తి ఉండగా గురక పెట్టి నిద్రపోవాలంటే ఎదుటివాడి చెయ్యి మీద ఎంత భరోసా ఉండాలో ఆలోచించండి. నేను రోజూ చూసేవాణ్ని. చూసిన ప్రతిసారీ నా ఒళ్లు జలదరించేది. లోపల కొంచెం మండేది కూడా. అబద్ధం ఎందుకు చెప్పాలి, మండేది.

ఆ రోజు టీవీలో క్రికెట్ వస్తోంది. గార్డు సారు కుర్చీలో ఉన్నాడు, బావ నురుగు పడుతున్నాడు. నేను సారు కత్తిని తోలు మీద రాస్తున్నాను, కళ్లు మాత్రం టీవీ మీద ఉన్నాయి. ఎవడో అవుటయ్యాడు. సందులో జనం అరిచారు. నా చేతిలోంచి కత్తి జారి బండ మీద పడింది. ఆ అరుపుల్లో బావకు వినపడలేదు.

తీసి గోటి మీద లాగాను. కొస దగ్గర పట్టుకుంది. చిన్న గాటు. కంటికి కనపడనంత చిన్నది, కానీ గోరు చెప్పేసింది. దాన్ని తీయాలంటే తోలు చాలదు, సానరాయి మీద చాలాసేపు రుద్దాలి. బావ అటు తిరిగే చెయ్యి వెనక్కి చాపాడు. నేను ఆ చేతిలో కత్తి పెట్టాను.

ఎందుకు పెట్టాను? కిందపడింది అంటే చాలు కదా. ఆయన తిట్టేవాడు కూడా కాదు, ఇంకో రోజు చేద్దాం సారూ అని నవ్వేసేవాడు. టీవీ చూస్తూ పడేశానని చెప్పడానికి సిగ్గుపడ్డానా? గాటు కొసకే కదా, చెంపలకు నడిమి భాగమే వాడతారు, ఏం కాదులే అనుకున్నాను. ముక్కు కింద పని కొసతోనే చేస్తారని నాకు తెలియదా? తెలుసు. రోజూ చూసే పనే అది.

చెంపలు అయ్యాయి. కత్తి గొంతు మీదికి వచ్చింది. ఇప్పుడైనా చెబుదామనుకున్నాను, కానీ కత్తి గొంతు మీద ఉండగా మాట్లాడకూడదు. ఆ కట్టుబాటు చాటున నక్కి నిలబడ్డాను. తర్వాత బావ ముక్కు కింద కొసను ఆనించాడు. గార్డు సారు ఉలిక్కిపడి లేచాడు. తెల్లటి నురుగు మీద ఎర్రగా గీత.

సారు మంచివాడు. కోప్పడలేదు. "ఏం గాదులే. వయసు మీద పడ్తున్నది గద, నీకు సుత" అన్నాడు. ఆ మంచి మాటే బావను కొట్టేసింది.

బావ పటిక అద్ది రక్తం ఆపాడు. సారు సంచీ తీసుకుని వెళ్లిపోయాక నా వైపు తిరిగాడు.

"కత్తి మంచిగనే ఉన్నదా రా?"

"మంచిగనే ఉన్నది బావా."

కత్తి అప్పుడు ఆయన చేతిలోనే ఉంది. ఒక్కసారి గోటి మీద లాగి చూసుకుంటే తెలిసిపోయేది. చూసుకోలేదు. నేను చెప్పాను కాబట్టి చూసుకోలేదు. కత్తి నా చేతికిచ్చి, తన కుడిచెయ్యిని మొహం ముందు పెట్టుకుని, వెనకా ముందూ తిప్పి చూశాడు. మధ్యాహ్నం ఆయన భోజనానికి వెళ్లగానే నేను షట్టరు సగం దించి, సానరాయి తీసి, ఆ గాటును రుద్ది రుద్ది పోగొట్టాను.

మర్నాటి నుంచి బావ కత్తి పట్టలేదు. "చెయ్యి మాట వింటలేదురా, ఎవరి గొంతన్న తెగుతది" అన్నాడు. వాకిలి పక్క కుర్చీ నాకిచ్చి తను లోపలికి వెళ్లాడు. కొన్నాళ్లు చిన్నపిల్లలకు మిషను కటింగులు చేశాడు. తర్వాత అవీ మానేసి బల్ల మీద కూర్చుని పేపరు చదువుకునేవాడు. ఆ వెలుతురు కుర్చీ దగ్గర నిలబడటం నాకు నచ్చింది. ఇదే అన్నిటికంటే చెప్పలేని మాట. కత్తి జారడం పొరపాటు, అబద్ధం భయంతో ఆడింది అనుకోవచ్చు. కానీ ఆ కుర్చీ నచ్చడాన్ని ఏమనుకోను? బావ పనితనం నీకే వచ్చిందని గిరాకీలు మెచ్చుకుంటే నవ్వుతూ తల ఊపాను. గార్డు సారు కూడా నా దగ్గరికే వచ్చేవాడు. కానీ బతికున్నన్నాళ్లూ నా కత్తి కింద మళ్లీ నిద్రపోలేదు. కళ్లు తెరుచుకునే కూర్చునేవాడు.

బావ, అక్క ఇప్పుడు కార్ఖానా బస్తీలో ఉంటున్నారు. మంగళవారం మా షాపుకు సెలవు. ఆ రోజు వెళ్లి బావకు గడ్డం చేస్తాను. అక్క ఇంట్లో చీరలకు ఫాల్స్ కుడుతుంది. ఆమెకు చూపు ఆనడం లేదు. సూదిలో దారం అయిపోతే బావ వైపు చాపుతుంది. ఆయన దారం కొసను పెదాలతో తడిపి, ఒక్కసారికే ఎక్కించి ఇస్తాడు. ఇంత వయసులో, ఇప్పటికీ ఒక్కసారికే. ప్రతి మంగళవారం ఆ చేతిని చూస్తూనే ఉన్నాను. చూస్తూ టీ తాగుతూనే ఉన్నాను.

ఈమధ్య ఒక మంగళవారం ఆయనే అడిగాడు, సారు కత్తి ఇంకా ఉందా అని. ఉంది. సారు పోయాక వాళ్లవాళ్లెవరూ దానికోసం రాలేదు. మరుసటి మంగళవారం, అంటే మొన్న, వెంట తీసుకెళ్లాను. బావ తోలు పట్టీని కిటికీ ఊచకు తగిలించి, తనే కత్తిని రాశాడు. ఎంత తేలిగ్గా, ఎంత వరసగా! నోరు తెరుచుకుని చూశాను. ఇన్నేళ్లు పట్టకపోయినా ఆ మణికట్టు ఏమీ మర్చిపోలేదు. రాసి నా చేతికిచ్చాడు. అలవాటుగా గోటి మీద లాగి చూశాను.

బావ నవ్వాడు. "ఏందిరా, నేనిచ్చిన కత్తిని సుత చూస్తున్నవా?"

నా చెయ్యి ఆగిపోయింది. ఆయన మొహం నిండా నేను ముందే పట్టించిన నురుగు ఉంది. కత్తి మడిచి కిటికీ గట్టు మీద పెట్టాను.

"ఆనాడు కత్తి మంచిగ లేకుండె బావా. నేనే కింద పడేసిన. గాటు పడ్డది, నాకు ఎరుకనే. ఎరుకుండే నీకిచ్చిన. నీ చెయ్యి వణకలేదు బావా. ఎన్నడు వణకలేదు."

ఆయన నన్నే చూశాడు. నురుగు చెంపల మీద ఆరిపోయి పగుళ్లు పడుతోంది. నవ్వు పోయింది, దాని చోట కోపం కూడా రాలేదు. నాకు ఏదో ఒకటి కావాలనిపించింది, ఒక తిట్టైనా.

"ఆరిపోతున్నది. కానియ్" అన్నాడు, గడ్డం పైకెత్తి.

నా ముందు బావ గొంతు. మళ్లీ నురుగు పట్టించి, కత్తిని ఆనించాను. నొక్కలేదు. ఆయన కళ్లు మూసుకోలేదు, పైకప్పు వైపు చూస్తూ ఉన్నాడు. కట్టుబాటు ప్రకారం ఇద్దరం మాట్లాడలేదు. కత్తి గొంతు దాటాక కూడా మాట్లాడలేదు. నా బతుకులో నేను చేసిన మంచి గడ్డం అదే, ఒక్క చుక్క రక్తం రాలేదు. అయినా అది ఆయన చేసే గడ్డం కాదు, నాకు తెలుసు.

అక్క లోపలి నుంచి వచ్చి సూది చాపింది. ఆమెకు ఏమీ తెలియదు. బావ దారం తడిపి, ఒక్కసారికే ఎక్కించాడు. ఆమె సూది తీసుకుని వెళ్లిపోయింది. ఆయన చెయ్యి మాత్రం కిందికి దిగలేదు. మొహం ముందు పెట్టుకుని, వెనకా ముందూ తిప్పి, ఆ రోజులాగే చూస్తూ కూర్చున్నాడు.

క్షమించమని అడగలేదు. అడిగితే పోనియ్‌రా అంటాడేమోనని భయమేసింది. కత్తి కడిగి, తుడిచి, ఈసారి నా వెంట తెచ్చుకోలేదు. ఆయన చేతికి అందేలా కిటికీ గట్టు మీదే పెట్టి వచ్చాను.