కాజాకి ఒకసారి

టైలరుకి ఇంగ్లిషు పిచ్చి పట్టింది. కోర్టు వీధిలో నల్లకోట్లు కుట్టేవాడికి నాలుగు ఇంగ్లిషు ముక్కలు రాకపోతే ఎలా అని, ఫోనులో రోజుకో మాట నేర్చుకుని, దానితో ఒక వాక్యం అల్లి, కత్తెర ఆడిస్తూ కొట్టంతా వినబడేలా వల్లించేవాడు. చేతిలో పనితనం ఉన్న మాట నిజమే. నోటికే అదుపు లేదు.

కిటికీ పక్క స్టూలు అక్కది. మొగుడు పోయాక తమ్ముడి పంచన చేరి పదకొండేళ్లు. పొద్దున్నే వండిపెట్టి, వచ్చి పొద్దుగూకే దాకా చేత్తో కాజాలు కుట్టేది. బొత్తాం దూర్చి చూసుకుని మురిసిపోయే లాయర్లు ఆ కాజాల కోసమే ఈ మెట్లెక్కేవారు. ఎదురు కొట్టువాడు తన దగ్గర కుట్టడానికి రమ్మని రెండుసార్లు కబురంపాడు. తమ్ముణ్ణి వదిలి ఎక్కడికి పోతానంది, పిచ్చి తల్లి.

ఆ రోజు మాట "లివ్ ఆఫ్". ముగ్గురు బేరగాళ్లు కూర్చుని ఉండగా టైలరు గొంతు సవరించుకుని, "మై సిస్టర్ లివ్స్ ఆఫ్ మీ" అన్నాడు. ఒకాయన కిసుక్కున నవ్వాడు.

"అంటే ఏంట్రా?" అంది అక్క.

"ఒకళ్ల మీద పడి తినడం. ఉదాహరణకి అన్నాలే."

"ఉదాహరణకి నేనే దొరికానా?"

"ఉన్నమాటేగా అక్కా."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. సూది డబ్బాలో పెట్టి మూత వేసింది. ఆ పూట మళ్లీ తియ్యలేదు.

సాయంత్రం కుర్ర లాయరు కోటు కోసం వచ్చాడు. మర్నాడు అతని మొదటి వాదన. కాజాలుండాల్సిన చోట సుద్దతో గీసిన మూడు గీతలే ఉన్నాయి.

"అక్కకి ఒంట్లో బాలేదండీ," అని నసిగాడు టైలరు.

"నిక్షేపంలా ఉన్నాను లాయరు గారూ," అని అక్క జరిగింది చెప్పింది. "వీడి వాక్యం తిరగేసి చెప్పించండి, కుడతాను."

లాయరు గీతలు చూశాడు, టైలరును చూశాడు. "ఐ లివ్ ఆఫ్ మై సిస్టర్. అనవయ్యా, నాకు రేపు కోర్టుంది."

"కాజాకి ఒకసారి," అంది అక్క.

మొదటి కాజాకి గొణిగాడు. వినబడలేదని ఆమె సూది ఆపింది. మళ్లీ అన్నాడు. రెండో కాజాకి ఎదురు కొట్టువాడు బయటికొచ్చి నిలబడ్డాడు. మూడోదానికి వాక్యం తప్పు లేకుండా వచ్చింది.

అక్క దారం తుంచి, కోటు లాయరు చేతికిచ్చి, సూది డబ్బా చంకలో పెట్టుకుని గడప దాటింది.

"ఎక్కడికక్కా?"

"ఎదురు కొట్టుకి. నీ మీద పడ్డదాన్ని లేచాను. ఇక నువ్వెవరి మీద పడతావో చూసుకో."